దత్తత ఫైనల్ ఆర్డర్: కోర్టుకా, కలెక్టర్ దగ్గరికా? అక్కడ ఏం జరుగుతుంది?

"పాప ఇంటికొచ్చి నెల అయింది, కోర్టు ఎప్పుడు? లాయర్‌ని పెట్టుకోవాలా? జడ్జి ఏమడుగుతారు? మధ్యలో పాపని వెనక్కి తీసేసుకుంటారా?" వారానికి ఒకరైనా ఇవే అడుగుతుంటారు నన్ను. అడిగిన ప్రతివాళ్లకీ ఫోన్లో అరగంట చెప్పే బదులు ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. మేమూ ఈ దారిలో వెళ్లొచ్చినవాళ్లమే, రెండున్నరేళ్ల పాపని తెచ్చుకున్నాం. కలెక్టర్ ముందు కూర్చున్నది ఎనిమిది నిమిషాలు. ఆర్డర్లో పడిన ఒక్క స్పెల్లింగ్ తప్పు సరిచేయించుకోడానికి పట్టింది మూడు నెలలు. అందుకే ఇక్కడ విచారణ గురించి తక్కువ, కాగితాల గురించి ఎక్కువ ఉంటుంది.

అసలు సంగతేంటంటే, ఇప్పుడు కోర్టు లేదు. 2021లో జువెనైల్ జస్టిస్ చట్టాన్ని, అంటే పిల్లల సంరక్షణ, దత్తతలు చూసే చట్టాన్ని సవరించారు, అది 2022 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పట్నుంచి ఈ చట్టం కింద దత్తత ఉత్తర్వు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేట్, అంటే మన కలెక్టర్. అదనపు జిల్లా మేజిస్ట్రేట్ కూడా ఇవ్వొచ్చు. అంతకుముందు తెచ్చుకున్నవాళ్లు "మేం జడ్జి ముందు నిలబడ్డాం" అని చెబుతారు, వాళ్లు చెప్పేది అబద్ధం కాదు, పాత పద్ధతి. జనం నోట్లో మాత్రం ఇంకా "కోర్టు ఆర్డర్" అనే ఉండిపోయింది.

ముందు మీది ఏ దారో తేల్చుకోండి

శిశు గృహ నుంచో, వేరే ప్రత్యేక దత్తత సంస్థ నుంచో కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పోర్టల్ ద్వారా బిడ్డని తెచ్చుకుంటుంటే మీది మొదటి దారి. దరఖాస్తు వేసేది మీరు కాదు, ఆ సంస్థే వేస్తుంది. జిల్లా బాలల సంరక్షణ యూనిట్, అందరూ డీసీపీయూ అంటారు, దాని ద్వారా ఫైలు కలెక్టర్‌కి వెళ్తుంది. లాయర్ అక్కర్లేదు.

బంధువుల బిడ్డని, లేదా మీరు పెళ్లి చేసుకున్నవాళ్ల ముందు పెళ్లి బిడ్డని ఇదే చట్టం కింద దత్తత తీసుకుంటుంటే రెండో దారి. ఇందులో దరఖాస్తుదారు మీరే, అదీ పోర్టల్లో నమోదయ్యాకే. ఇక్కడ చాలామంది బోల్తా పడేది "బంధువు" అన్న మాట దగ్గర. చట్టం లెక్కలో బంధువులంటే చిన్నాన్న, పెదనాన్న, మేనత్త, మేనమామ, పిన్ని, పెద్దమ్మ, తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మ. అంతే. వేలు విడిచిన మేనమామలూ, వదినగారి చెల్లెళ్లూ ఇందులోకి రారు.

మూడోది 1956 నాటి హిందూ దత్తత చట్టం. కన్న తల్లిదండ్రులు తమ బిడ్డని నేరుగా మీ చేతికిస్తారు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తత దస్తావేజు రిజిస్టర్ అవుతుంది. దీనికి కలెక్టర్ ఆర్డర్ ఉండదు. కన్నవాళ్లు లేక, బిడ్డని ఇచ్చేది సంరక్షకులైతే మాత్రం ముందుగా కోర్టు అనుమతి తప్పనిసరి, ఇప్పటికీ జడ్జి ముందుకు వెళ్లేది ఈ కేసులోనే. అక్కడ లాయర్ ఉంటే మంచిది.

నాలుగో దారి ఒకటుంది. "మా ఆస్పత్రిలో ఎవరో వదిలేసి వెళ్లిన బిడ్డ ఉంది, ఇంత ఖర్చవుతుంది" అని ఫోన్ వచ్చే దారి. దాన్ని దత్తత అనరు, బిడ్డని కొనడం అంటారు. అమ్మినవాళ్లకీ కొన్నవాళ్లకీ ఐదేళ్ల వరకూ, అమ్మింది ఆస్పత్రి సిబ్బందే అయితే ఏడేళ్ల వరకూ కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా ఉంది చట్టంలో. పైగా రెండేళ్లు పెంచుకున్నాక ఒకరోజు పోలీసులొచ్చి బిడ్డని తీసుకెళ్తారు. నిజంగా వదిలేసిన బిడ్డయితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ఇక్కణ్నుంచి నేను చెప్పేదంతా మొదటి దారి గురించి. రెండో దారివాళ్లకీ చాలావరకు పనికొస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

ఒక గట్టి ఫైలు కొనండి, ప్లాస్టిక్ కవర్లున్నది. అందులో:

- ఇద్దరి ఆధార్, పాన్, పుట్టిన తేదీ రుజువు, పెళ్లి సర్టిఫికెట్
- ఆదాయం కాగితాలు, డాక్టర్ ఇచ్చిన ఆరోగ్య సర్టిఫికెట్లు
- హోమ్ స్టడీ రిపోర్ట్ (సోషల్ వర్కర్ మీ ఇంటికొచ్చి చూసి రాసినది) కాపీ. ఇది మూడేళ్లు చెల్లుతుంది, తేదీ చూసుకోండి
- బిడ్డ గురించి సంస్థ ఇచ్చిన చైల్డ్ స్టడీ రిపోర్ట్, మెడికల్ రిపోర్ట్, మీరు సంతకం పెట్టిన కాపీలు
- బిడ్డని దత్తత ఇవ్వడానికి చట్టపరంగా అడ్డంకేమీ లేదని బాలల సంక్షేమ సమితి ఇచ్చిన పత్రం కాపీ
- ఆర్డర్ రాకముందు బిడ్డని మీ సంరక్షణలో ఉంచుతున్నట్టు రాసుకున్న కాగితం
- నోటరీ చేయించిన అఫిడవిట్లు
- సంస్థకి కట్టిన ఫీజు రసీదులు, ఒక్కటీ పారేయకుండా

వీటిలో కొన్ని సంస్థ దగ్గరే ఉంటాయి, మీకెందుకండీ అంటారు. అయినా కాపీ అడిగి తీసుకోండి. ఫైలు ఎక్కడో ఆగినప్పుడు ఆ ఒక్క కాగితం మీ దగ్గరుంటే వారం మిగులుతుంది.

ఇక వరసగా చేయాల్సినవి

1. పేర్లు, స్పెల్లింగులు ఒకే రకంగా చేసుకోండి.

మొత్తం పనిలో పెద్దది ఇదే, మిగతాదంతా ఎలాగో నడిచిపోతుంది. మన పేర్లతో వచ్చే తంటా తెలిసిందే కదా. ఆధార్‌లో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, పాన్‌లో చివర ఉంటుంది, టెన్త్ మెమోలో పొడి అక్షరం ఉంటుంది. లక్ష్మి అన్న పేరు ఒక కాగితంలో కె, ఎస్, హెచ్‌లతో, ఇంకోదాంట్లో ఎక్స్‌తో ఉంటుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్లకైతే మూడు రకాలుంటాయి. సంస్థలో టైప్ చేసే అతను తన ముందు ఏ కాగితం ఉంటే అది చూసి కొట్టేస్తాడు, తప్పు అతనిది కూడా కాదు.

చేయాల్సిందేంటంటే, ఒక తెల్లకాగితం మీద మీ ఇద్దరి పేర్లు ఇంగ్లీషులో పెద్దక్షరాలతో, తెలుగులో కూడా, ఆర్డర్లో ఎలా రావాలో అలా రాసి, కింద "ఇదే స్పెల్లింగ్ అన్నిచోట్లా వాడండి" అని రాసి సంస్థకి ఇవ్వండి. ఆధార్‌కీ పాస్‌పోర్ట్‌కీ తేడా ఉంటే దరఖాస్తు పడకముందే ఏదో ఒకటి సరిచేయించుకోండి.

2. బిడ్డ పేరు ఇప్పుడే ఖాయం చేయండి.

సంస్థలో పెట్టిన పేరు ఒకటుంటుంది, మీరు పెట్టబోయేది ఒకటి. ఆర్డర్లోకి ఎక్కేదే బర్త్ సర్టిఫికెట్లోకి వెళ్తుంది. "తర్వాత బారసాలలో చూద్దాం లే" అనుకోవద్దు, ఇంటిపేరుతో సహా ఖరారు చేసి రాతపూర్వకంగా ఇవ్వండి. బిడ్డ కాస్త పెద్దదై, పాత పేరుకే పలుకుతుంటే ఆ పేరు మార్చకండి, ఇది నా అభిప్రాయం. ఇల్లు మారింది, మనుషులు మారారు, పేరైనా తనదిగా ఉండనివ్వండి. మేం మార్చలేదు, వెనక మా నాయనమ్మ పేరు కలిపాం అంతే.

పుట్టిన తేదీ మాత్రం మీ చేతిలో లేదు. రికార్డులో ఉన్నదే, లేదా డాక్టర్ అంచనా వేసిన వయసును బట్టి వేసినదే వస్తుంది. జాతకం కోసం తేదీ మార్చమని అడిగినవాళ్లని చూశాను, ఆ ప్రయత్నం చేయకండి.

3. దరఖాస్తు పడిందా లేదా కనుక్కోండి.

బిడ్డ మీ ఇంట్లో ఉన్నా, దరఖాస్తు పడేది సంస్థ ఉన్న జిల్లాలో. మీరుండేది వేరే రాష్ట్రమైనా సరే, ఆ జిల్లా కలెక్టరే. సంస్థని అడగాల్సిన ప్రశ్నలు మూడు: డీసీపీయూకి ఫైలు ఏ తేదీన ఇచ్చారు, కలెక్టర్ ఆఫీసులో ఏ తేదీన తీసుకున్నారు, నంబర్ ఎంత. "పంపించామండీ" అన్న జవాబుతో ఫోన్ పెట్టేయకండి. తేదీ, నంబర్ రాసుకోండి.

దరఖాస్తు పడిన రోజు నుంచి రెండు నెలల్లో తేల్చాలని చట్టం. అన్నిచోట్లా అలా జరగదు, ఎన్నికలొస్తాయి, కలెక్టర్ బదిలీ అవుతారు, వరదలొస్తాయి. రెండు నెలలు దాటితే మొదట డీసీపీయూకి, అక్కడ పలక్కపోతే కారాకి, దరఖాస్తు తేదీ నంబర్ వేసి మర్యాదగా ఈమెయిల్ పెట్టండి. ఫోన్లో అరిచినదానికంటే రాసినదానికే పని జరుగుతుంది.

4. ఈ మధ్య కాలంలో చేయకూడనివి.

ఆర్డర్ రాలేదు కాబట్టి బిడ్డ ఇంకా మీ సంరక్షణలో ఉన్నట్టే, చట్టరీత్యా మీ బిడ్డ కాదు. భయపడాల్సిన పనిలేదు, ఊరికే ఎవరూ వచ్చి తీసుకెళ్లరు. కానీ విదేశీ ప్రయాణం ప్లాన్ చేసుకోవద్దు. ఫొటోలు ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు, ఈ పిల్లల వివరాలు బయటపెట్టడం మీద చట్టంలో నిషేధం ఉంది. ఉద్యోగం మారినా, ఇల్లు మారినా, గర్భం వచ్చినా, ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేసినా సంస్థకి చెప్పండి. చెబితే ఏమవుతుందో అని దాస్తారు చాలామంది. దాచింది విచారణలో బయటపడితేనే అసలు ఇబ్బంది.

5. పిలిచిన రోజు ఎలా వెళ్లాలి.

విచారణ మూసిన గదిలో జరుగుతుంది. జనం ఉండరు, బోను ఉండదు, నల్లకోట్లు ఉండవు. కలెక్టర్, సంస్థ తరపు మనిషి, డీసీపీయూ అధికారి, మీరు, బిడ్డ. కలెక్టరేట్ కాబట్టి టైమ్ చెప్పలేం. పదకొండింటికి రమ్మంటారు, సాయంత్రం నాలుగవుతుంది. బిడ్డకి తిండి, నీళ్లు, మార్చే బట్టలు, ఇష్టమైన బొమ్మ తీసుకెళ్లండి. పట్టుచీరలూ గౌన్లూ వద్దు, తనకి హాయిగా ఉన్న బట్టలు వేయండి. ఒరిజినల్స్ అన్నీ, రెండేసి సెట్లు జిరాక్సులు.

మేం వెళ్లిన రోజు రెండున్నర గంటలు బయట బెంచీ మీద కూర్చున్నాం. ఆలోపు మా పాప అటెండర్ గారితో దోస్తీ చేసి, ఆయన టేబుల్ మీది రబ్బరు స్టాంపు తీసి అరచేతి మీద టపటపా కొట్టుకుంది. లోపలికి వెళ్లేసరికి కుడి చెయ్యంతా ఊదారంగు సిరా. కలెక్టర్ గారు చూసి "నువ్వే అప్రూవ్ చేసేసుకున్నావా?" అని నవ్వారు. ఆ ముక్కతో నా టెన్షన్ సగం దిగింది.

6. ఏమడుగుతారు.

చట్టం ప్రకారం ఆర్డర్ ఇచ్చే ముందు ఆ అధికారి మూడు సంగతులు తేల్చుకోవాలి. ఈ దత్తత బిడ్డ మంచికేనా? వయసు, తెలివిడిని బట్టి బిడ్డ ఇష్టం ఏంటి? నిబంధనల్లో ఉన్న ఫీజు తప్ప ఎవరైనా ఎవరికైనా డబ్బు ఇచ్చారా? ప్రశ్నలన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి. ఎందుకు దత్తత తీసుకోవాలనుకున్నారు, ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకున్నారా, ఇద్దరూ ఉద్యోగానికి వెళ్తే ఎవరు చూసుకుంటారు, రేపు మీకు బిడ్డ పుడితే, తనకి ఈ విషయం చెబుతారా. ఉన్నది ఉన్నట్టు రెండు ముక్కల్లో చెప్పండి. బట్టీపట్టిన జవాబులు అక్కర్లేదు, ఏడుపొస్తే ఏడవండి, ఎవరూ ఏమీ అనుకోరు.

పెద్ద పిల్లలతో వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. బిడ్డని అడిగిన ప్రశ్నకి మీరు జవాబివ్వకండి. "అమ్మా నాన్న అని చెప్పు" అని పక్కనుంచి అందించకండి. బిడ్డ మాట్లాడకపోయినా, "ఆంటీ" అన్నా నష్టం లేదు, వాళ్లు రోజూ పిల్లల్ని చూసేవాళ్లే. ముందురోజు రాత్రి మాత్రం చెప్పిపెట్టండి: "రేపు ఒక ఆఫీసుకి వెళ్తున్నాం, ఒక పెద్దాయన మాట్లాడతారు, మళ్లీ ముగ్గురం కలిసే ఇంటికి వచ్చేస్తాం." ఆ చివరి ముక్క మర్చిపోకండి. సంస్థల్లో పెరిగిన పిల్లలకి ఆఫీసు, కారు, సంచి అంటే మళ్లీ ఎక్కడికో పంపిస్తున్నారన్న భయం.

కొన్ని జిల్లాల్లో అసలు పిలవరు, ఫైలు చూసే ఆర్డర్ ఇచ్చేస్తారు. పిలవలేదని కంగారు పడకండి.

7. ఆర్డర్ చేతికొచ్చాక, లడ్డూలు పంచే ముందు చదవండి.

మేం చేసిన తప్పు ఇదే. సర్టిఫైడ్ కాపీ వచ్చిన సంతోషంలో మొదటి పేజీ ఫొటో తీసి చుట్టాలకి పంపి, కాగితం దేవుడి దగ్గర పెట్టేశాం. ఇరవై రోజుల తర్వాత మా చెల్లెలు చూసి "అక్కా, నీ పేరులో ఒక హెచ్ లేదేంటి" అంది. అప్పటికే అదే స్పెల్లింగ్‌తో బర్త్ సర్టిఫికెట్‌కి దరఖాస్తు వెళ్లిపోయింది. సవరణ ఉత్తర్వు కోసం సంస్థ చుట్టూ, కలెక్టరేట్ చుట్టూ, తర్వాత మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగాం. మీరలా తిరక్కండి. ఇద్దరు కూర్చుని, ఒకరు ఆధార్ పట్టుకుని అక్షరం అక్షరం పైకి చదవాలి, ఇంకొకరు ఆర్డర్లో వేలు పెట్టి చూడాలి. చూడాల్సినవి:

- మీ ఇద్దరి పేర్లు, ఇంటిపేర్లు, చిరునామా
- బిడ్డ కొత్త పేరు, పాత పేరు, ఆడపిల్లో మగపిల్లాడో సరిగ్గా పడిందా. నవ్వకండి, "కుమారుడు" అని పడిన ఆడపిల్ల ఆర్డర్ చూశాను
- పుట్టిన తేదీ, చైల్డ్ స్టడీ రిపోర్ట్‌లో ఉన్నదేనా
- మీ పేర్లతో బర్త్ సర్టిఫికెట్ ఇవ్వమని రాశారా
- ఆర్డర్ నంబర్, తేదీ, సంతకం, సీలు, అన్ని పేజీల మీదా

తప్పు కనపడితే ఆ రోజే సంస్థకి రాతపూర్వకంగా చెప్పండి, సరైన ఆధారం కాపీ జతచేయండి. కొట్టివేతలతో చేత్తో దిద్దిన కాపీ ఇస్తామంటే ఒప్పుకోకండి, సవరణ ఉత్తర్వే కావాలని అడగండి. ఇంకా మంచి దారి ఒకటుంది, సంతకం పడక ముందే డ్రాఫ్ట్ చూపించమని డీసీపీయూని అడగడం. అందరూ చూపించరు, అడిగితే పోయేదేమీ లేదు.

ఆర్డర్ మీద అభ్యంతరం ఉన్నవాళ్లు ఎవరైనా 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. మీ దరఖాస్తునే తిరస్కరిస్తే, అప్పుడు మాత్రం ఆలస్యం చేయకుండా లాయర్ దగ్గరికి వెళ్లండి.

8. బర్త్ సర్టిఫికెట్.

ఆర్డర్ ఆధారంగా మిమ్మల్నే తల్లిదండ్రులుగా చూపిస్తూ, ఆర్డర్లోని పుట్టిన తేదీతో సర్టిఫికెట్ ఇవ్వాలి. ఈ పనిలో సంస్థే సాయం చేయాలి. కౌంటర్లో కూర్చున్నవాళ్లకి ఈ పద్ధతి తెలియకపోవడం మామూలే. మమ్మల్ని "డెలివరీ ఏ ఆస్పత్రిలో" అని మూడుసార్లు అడిగారు, "దత్తత దస్తావేజు రిజిస్టర్ చేయించి తీసుకురండి" అని కూడా అన్నారు. జువెనైల్ జస్టిస్ చట్టం కింద కలెక్టర్ ఆర్డర్ వచ్చాక మళ్లీ దస్తావేజు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అది దత్తత నిబంధనల్లోనే ఉంది. ఆ పేజీ ప్రింట్ తీసుకుని వెళ్లండి, వాదించే బదులు చూపించండి.

బిడ్డ 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉంటే పాస్‌పోర్ట్‌కి పుట్టిన తేదీ రుజువుగా బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే చెల్లుతుంది, కాబట్టి దీన్ని సాగదీయకండి. వచ్చాక మళ్లీ ఏడో నంబర్లో చెప్పినట్టే ఇద్దరు కూర్చుని చదవండి.

9. తర్వాత వరసగా.

ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్య బీమా, ఆఫీసులో నామినీ వివరాలు, ఈ వరసలో వెళ్తే ఒకదానికొకటి రుజువుగా పనికొస్తాయి. సర్టిఫైడ్ కాపీలు కనీసం మూడు తీసుకోండి, ఎక్కడా ఒరిజినల్ ఇచ్చి రాకండి. స్కూల్లో బర్త్ సర్టిఫికెట్ చాలు, దత్తత ఆర్డర్ చూపించాల్సిన అవసరం లేదు. అడిగితే ఎందుకో అడగండి.

ఆస్తి గురించి చుట్టాలు గుసగుసలాడతారు కాబట్టి ఒక ముక్క. ఆర్డర్ అమల్లోకి వచ్చిన రోజు నుంచి అన్ని విషయాల్లోనూ, వారసత్వంతో సహా, ఆ బిడ్డ మీకు కన్నబిడ్డతో సమానం. దీనికోసం విడిగా వీలునామా రాస్తేనే చెల్లుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

10. ఫాలో-అప్ మర్చిపోకండి.

ఆర్డర్ వచ్చేసింది కదా అని ఫోన్ నంబర్ మార్చేసి మాయమైపోయేవాళ్లున్నారు. బిడ్డ మీ ఇంటికొచ్చిన రోజు నుంచి రెండేళ్లు, ఆర్నెల్లకోసారి, సోషల్ వర్కర్ వచ్చి చూసి రిపోర్ట్ పెట్టాలి. మొత్తం నాలుగు. తనిఖీలా అనిపిస్తుంది మొదటిసారి, ఇల్లంతా సర్దేసి బిడ్డకి నీట్‌గా తల దువ్వి కూర్చోబెడతాం. రెండోసారికి అలవాటైపోతుంది. బిడ్డ రాత్రుళ్లు నిద్రలేచి ఏడుస్తోందనో, తిండి దాచుకుంటోందనో, మీ భర్తకి దగ్గరవడం లేదనో ఉంటే దాచకుండా చెప్పండి, ఇలాంటివి చాలా ఇళ్లలో చూసినవాళ్లు వాళ్లు. ఒక్కో రిపోర్ట్ పోర్టల్లో ఎక్కిందో లేదో మీరే లాగిన్ అయి చూసుకోండి, కాపీ ఫైల్లో పెట్టండి.

ఆ ఫైలు మాత్రం బీరువాలో భద్రంగా ఉంచండి. పద్దెనిమిదేళ్లు నిండాక తన మూలాల గురించి తెలుసుకోవాలంటే బిడ్డ తనే దరఖాస్తు చేసుకోవచ్చు, అప్పుడు సంస్థ పేరు, ఆర్డర్ నంబర్, పాత పేరు అన్నీ కావాలి. మా ఫైల్లో చివరి కవర్లో ఆ రోజు పాప చేతి సిరా అంటుకున్న నా రుమాలు కూడా ఉంది.